రిసెప్షన్‌లో భోజనాలు ఎన్నింటికి మొదలుపెట్టాలి?

తెనాలి_తమ్ముడు:
వచ్చే ఆదివారం తెనాలిలో మా అన్నయ్య రిసెప్షన్. కార్డులో "సాయంత్రం 7 గంటల నుండి" అని వేయించాం. 600 మంది వస్తారని అంచనా. బఫే వద్దు, బంతి భోజనాలే అని నాన్న పట్టు. కింద హాల్లో బంతికి 150 మంది పడతారు. జంట స్టేజీ ఎక్కి, పెద్దవాళ్ళు అక్షింతలు వేశాకే ఆకులు వెయ్యాలని పెదనాన్న అంటున్నారు. వదిన మేకప్పేమో 8కి ముందు అవ్వదట. ఏం చెయ్యమంటారు?

వడ్డన_బాబాయ్:
బాబూ, క్యాటరింగ్‌లో వడ్డన చూసుకునేవాణ్ణి కాబట్టి చెబుతున్నా. బంతి అంటే తినడం ఒక్కటే కాదు. జనం కూర్చోవాలి, తినాలి, ఆకులు ఎత్తాలి, టేబుళ్ళ మీద పేపరు మార్చాలి, మళ్ళీ ఆకులూ నీళ్ళసీసాలూ పెట్టాలి. ఎంత చురుకైన కుర్రాళ్ళున్నా 40 నిమిషాలకు తగ్గదు. మీకు నాలుగు బంతులు, అంటే 2 గంటల 40 నిమిషాలు. ఏడుంపావుకి మొదలుపెడితే పదికల్లా అయిపోతుంది, మైకులు కట్టేసే టైమూ అదే. ఎనిమిదిన్నరకి మొదలుపెట్టారా, పదకొండు దాటుతుంది. ఆ ఆఖరి బంతిలో కూర్చునేది మీ ఇంటివాళ్ళే, చల్లారిన సాంబారుతో.

జంట వచ్చినా రాకపోయినా ఏడుంపావుకి మొదటి బంతి వేసెయ్యండి. షుగరున్న పెద్దవాళ్ళు, చంటిపిల్లల తల్లులు, కొల్లిపర, చేబ్రోలు వైపు తిరిగి వెళ్ళాల్సినవాళ్ళు ముందు. తిన్నాక తీరిగ్గా పైకెళ్ళి అక్షింతలు వేస్తారు. పెదనాన్నగారి దగ్గర "ముందే పెట్టేస్తున్నాం" అనకు. "దూరంవాళ్ళకి మీరు దగ్గరుండి వడ్డన చూసుకోవాలి పెదనాన్నా" అను. కాదనరు.

ఇంకోటి, గారెలు. బూరెలు సాయంత్రమే వేయించి పెట్టుకున్నా ఇబ్బంది లేదు. గారె అలాక్కాదు, అరగంట హాట్‌బాక్సులో మూతపెడితే ఆవిరికి మెత్తబడి వేలితో నొక్కితే నూనె వస్తుంది. బంతి బంతికీ వాయి వేయమని వంటమేస్త్రీకి ముందే చెప్పండి. వెజ్ బిర్యానీ గుండిగలు కూడా అన్నీ ఒకేసారి మూత తియ్యనివ్వొద్దు. ఒకటి అడుగు కనిపిస్తుంటే రెండోది తియ్యాలి.

హనుమకొండ_పెద్దక్క:
మా దిక్కు బఫేనే తమ్మీ. బగారన్నం, మటన్ ఉన్నదంటే స్టేజీ దిక్కు ఎవ్వరు చూడరు! మా చిన్నాయన బిడ్డ రిసెప్షన్ల ప్లేట్లన్నీ ఒక్కకాడనే పెట్టిన్రు, లైను గేటు దాక వచ్చింది. మీకు బంతులే కాబట్టి ఆ తిప్పల లేదు. కానీ మెట్లకాడ ఒకర్ని నిలబెట్టు, లేకుంటే తినేటోళ్ళ కుర్చీ ఎనుకనే నిలబడతరు జనం. గంతకంటె చిరాకు ఇంకోటి లేదు.

డల్లాస్_శ్రీను:
ఇక్కడ హాలు గంటల లెక్కన అద్దె, ఆలస్యమైతే డాలర్లు పోతాయి. మనవాళ్ళు ఆరింటికి రమ్మంటే ఏడున్నరకి వస్తారు కదా, అందుకని చాలామంది కార్డులో డిన్నర్ టైము విడిగా వేయిస్తారు. మీ కార్డులు ఎలాగూ పంచేసుంటారు, వాట్సాప్ గ్రూపులో "భోజనాలు 7.15 నుండి" అని ఒక ముక్క పెట్టండి.

తెనాలి_తమ్ముడు:
పెదనాన్న ఒప్పుకున్నారు బాబాయ్, పైగా మెనూ కాగితం కూడా లాక్కున్నారు! మరి జంట ఎప్పుడు తినాలి? ఫొటోగ్రాఫరు తొమ్మిదిన్నర దాకా స్టేజీ దించనంటున్నాడు.

వడ్డన_బాబాయ్:
మేకప్ రూముకి ఏడింటికే చెరో రెండు ఇడ్లీలు పంపించు, చీర మీద పడకుండా పొడిగా, కారప్పొడితో. అసలు భోజనం ఆఖరి బంతిలో. ఫొటోవాళ్ళు, లైటింగువాళ్ళు, డ్రైవర్లకి కలిపి ఓ ముప్ఫై ఆకులు క్యాటరర్ లెక్కలో ఇప్పుడే కట్టించు. లేకపోతే రాత్రి పదిన్నరకి అదనపు ఆకుల దగ్గర పేచీ పెడతాడు.