కొట్టేసిన పాత షాప్‌లిఫ్టింగ్ కేసు బ్యాగ్రౌండ్ చెక్‌లో ‘పెండింగ్’ అని వచ్చి ఆఫర్ పోయింది: ఏం చేయొచ్చు? (న్యూయార్క్)

ప్రశ్న: గోదారిగట్టు

మా చెల్లెలి కొడుకు విషయం. హెచ్‌1బి మీద ఉన్నాడు. 2023లో క్వీన్స్‌లో ఒక స్టోర్ దగ్గర పెటిట్ లార్సెనీ (చిన్న దొంగతనం) కింద అరెస్టు చేశారు. నేరం ఒప్పుకోలేదు. కోర్టు ఏసీడీ (కొట్టేసే ఉద్దేశంతో కేసును కొంతకాలం వాయిదా వేయడం) ఇచ్చింది, ఆరు నెలల తర్వాత కేసు కొట్టేసి రికార్డు సీల్ చేసింది, అంటే బయటివాళ్లకు కనబడకుండా మూసేసింది.

ఇప్పుడు మన్‌హటన్‌లో ఒక కంపెనీ షరతులతో ఆఫర్ ఇచ్చి బ్యాగ్రౌండ్ చెక్ చేయించింది. వంద మందికి పైగా పనిచేసే కంపెనీ. సోమవారం హెచ్‌ఆర్ నుంచి రెండు లైన్ల మెయిల్ వచ్చింది, చెక్ ఫలితాల వల్ల ముందుకు వెళ్లలేమని. రిపోర్ట్ కాపీ పంపలేదు. ఫోన్ చేసి అడిగితే ‘పెండింగ్ క్రిమినల్ కేసు’ అని ఉందన్నారు. పాత ఉద్యోగానికి ఇంకా రాజీనామా ఇవ్వలేదు.

ఇది వివక్ష కింద వస్తుందా? ఈఈఓసీకి (ఉద్యోగాల్లో వివక్ష ఫిర్యాదులు చూసే ఫెడరల్ సంస్థ) వెళ్లాలా? అప్లికేషన్‌లో ‘కన్విక్షన్ (నేరం రుజువైన తీర్పు) ఉందా’ అన్నచోట ‘లేదు’ అని పెట్టాడు, అది తప్పవుతుందా?

జవాబు 1: నల్లకోటు

చివరి ప్రశ్న ముందు తేల్చేద్దాం. ‘లేదు’ అనడం సరైన జవాబే. ఏసీడీలో నేరం ఒప్పుకోవడం ఉండదు. గడువు ముగిసి కేసు కొట్టేశాక న్యూయార్క్ చట్టం దృష్టిలో ఆ అరెస్టు జరగనట్టే లెక్క. అలాంటి కేసు గురించి ప్రైవేట్ కంపెనీ అడగడానికి కూడా వీల్లేదు, దాన్ని పట్టుకుని ఉద్యోగం నిరాకరించడానికి అసలే వీల్లేదు.

వివక్ష సంగతి ఒక్క వారం పక్కన పెట్టండి. మీ చేతిలో ఉన్న గట్టి విషయం వేరే ఉంది: కంపెనీ చేయాల్సిన పద్ధతిలో చేయలేదు. రిపోర్ట్ తప్పు, నోటీసు లేదు. రెండూ కాగితం మీద రుజువయ్యేవే.

ఎఫ్‌సీఆర్‌ఏ (ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ యాక్ట్) అనే ఫెడరల్ చట్టం 1970 నుంచి ఉంది. బయటి ఏజెన్సీ ఇచ్చిన రిపోర్ట్ చూసి ఉద్యోగం ఇవ్వకూడదనుకుంటే, ఆ నిర్ణయం తీసుకోకముందే అభ్యర్థికి రిపోర్ట్ కాపీ, దాంతో పాటు అతని హక్కుల పత్రం పంపాలి. కొంత వ్యవధి ఇచ్చి, ఆ తర్వాతే తుది నోటీసు ఇవ్వాలి. ఇవి రెండు వేర్వేరు ఉత్తరాలు. చాలా కంపెనీలు తప్పేది ఇక్కడే: రెండూ ఒకేరోజు పంపేస్తారు, లేదా మొదటిది ఎగ్గొట్టి రిక్రూటర్ చేత ఫోన్ చేయిస్తారు.

న్యూయార్క్ నగరంలో ఫెయిర్ ఛాన్స్ యాక్ట్ ఇంకా కఠినం. 2015 అక్టోబర్ 27 నుంచి అమల్లో ఉంది, నలుగురు ఉద్యోగులున్న సంస్థకైనా వర్తిస్తుంది. నిజంగా పెండింగ్ కేసే ఉన్నా, ఉద్యోగానికీ ఆ నేరానికీ ఉన్న సంబంధం, జరిగి ఎంతకాలమైంది లాంటివి ఒక్కొక్కటీ తూచి, ఆ లెక్క రాతపూర్వకంగా ఇవ్వాలి. 2021 జులై 29 నుంచి అభ్యర్థి జవాబుకు కనీసం 5 పనిదినాలు గడువివ్వాలి, అందాకా ఆ పోస్టు వేరేవాళ్లకు ఇవ్వకూడదు. రెండు లైన్ల మెయిల్‌లో ఇవేవీ లేవు కదా.

కాబట్టి వరస ఇదీ. ఈరోజే హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టించండి, ఫోన్ వద్దు. రిపోర్ట్ కాపీ, ఏజెన్సీ పేరు, చిరునామా, ఫెయిర్ ఛాన్స్ నోటీసు అడగాలి. కేసు కొట్టేసి సీల్ చేశారని, రిపోర్ట్ తప్పని, డిస్ప్యూట్ (రిపోర్ట్ సరిచేయమని ఏజెన్సీకి ఇచ్చే అభ్యంతరం) వేస్తున్నానని, అది తేలేదాకా పోస్టు ఆపి ఉంచమని రాయాలి. గొడవ మాటలు వద్దు. చాలాసార్లు ఇక్కడే పని అయిపోతుంది, ఎందుకంటే మెయిల్ కంపెనీ లాయర్ దగ్గరికి వెళ్తుంది.

రేపే క్వీన్స్ క్రిమినల్ కోర్టు క్లర్కు దగ్గర సర్టిఫికెట్ ఆఫ్ డిస్పోజిషన్ (కేసు ఎలా ముగిసిందో చెప్పే కోర్టు పత్రం) తీసుకోవాలి. సీల్ అయిన కేసు కాబట్టి మనిషి స్వయంగా ఫొటో ఐడీతో వెళ్లడం మేలు. రెండుమూడు సర్టిఫైడ్ కాపీలు తీసుకోమనండి.

అది జతచేసి ఏజెన్సీకి డిస్ప్యూట్ పంపాలి. వెబ్‌సైట్‌లో వేసినా, సర్టిఫైడ్ మెయిల్‌లో ఒక కాపీ పంపితే తేదీకి రుజువుంటుంది. వాళ్లు 30 రోజుల్లో తేల్చాలి. మధ్యలో కొత్త కాగితాలు పంపితే ఆ గడువు 45 రోజుల దాకా సాగొచ్చు, అందుకే అన్నీ ఒకేసారి పంపండి. సరిచేసిన రిపోర్ట్ కంపెనీకి పంపమని కూడా అందులోనే రాయండి. కన్విక్షన్ కాని, పెండింగ్‌లో లేని కేసును రిపోర్ట్ చేయకూడదని న్యూయార్క్ రాష్ట్ర చట్టంలో స్పష్టంగా ఉంది.

ఈ తప్పు ఎలా వస్తుందంటే, ఏజెన్సీలు కోర్టు రికార్డులు మూటగా కొని తమ డేటాబేస్‌లో పెట్టుకుంటాయి. అరెస్టైన నెలలో కొన్నది అలాగే ఉండిపోతుంది. తర్వాత కోర్టు సీల్ చేసినా పాత కాపీ చెరగదు. రిపోర్ట్ పంపేముందు కోర్టులో మళ్లీ సరిచూడాలి, ఆ ఖర్చు మిగుల్చుకుంటారు.

జవాబు 2: చౌరస్తా

ఈఈఓసీ గురించి నేను చెప్తాను, ఇక్కడ చాలామంది పొరబడతారు.

1964 పౌరహక్కుల చట్టం టైటిల్ 7లో ‘కేసు ఉన్నవాళ్లు’ అనే వర్గానికి రక్షణ లేదు. జాతి, రంగు, మతం, లింగం, పుట్టిన దేశం, ఇవే. కాబట్టి రెండు దారులున్నాయి. ఒకటి, అలాంటి కేసే ఉన్న వేరే జాతివాణ్ని తీసుకుని ఇతన్ని కాదన్నారని చూపాలి. రెండోది, అందరికీ ఒకేలా పెట్టిన నియమమే ఒక జాతివాళ్లను ఎక్కువగా ఏరివేస్తోందని లెక్కలతో చూపాలి. 1971లో సుప్రీంకోర్టు ఇచ్చిన గ్రిగ్స్ తీర్పు నుంచి వచ్చిన దారి అది. 2012 ఏప్రిల్ 25న ఈఈఓసీ విడుదల చేసిన మార్గదర్శకాలు నేర తీవ్రత, గడిచిన కాలం, ఉద్యోగ స్వభావం చూడమన్నది కూడా దీని ఆధారంగానే.

ఆ రెండో దారిలో బీఎండబ్ల్యూ 2015లో 16 లక్షల డాలర్లు, డాలర్ జనరల్ 2019లో 60 లక్షల డాలర్లు చెల్లించాయి. అవి నల్లజాతి అభ్యర్థుల తరఫున వేసిన కేసులు. భారతీయుల విషయంలో అలాంటి లెక్కలు నిలబెట్టడం చాలా కష్టం. పైగా 2025 ఏప్రిల్‌లో వచ్చిన అధ్యక్ష ఉత్తర్వు తర్వాత ఈఈఓసీ ఇలాంటి కేసుల నుంచి తప్పుకుంది. చట్టం మాత్రం మారలేదు, సొంత లాయరుతో కోర్టుకు వెళ్లొచ్చు.

నగర చట్టంలో రికార్డే రక్షణకు ఆధారం, జాతి నిరూపించక్కర్లేదు. మీ దారి అదే. నగర మానవహక్కుల కమిషన్‌కు ఏడాదిలోపు ఫిర్యాదు చేయాలి, నేరుగా కోర్టుకైతే మూడేళ్లు. ఎఫ్‌సీఆర్‌ఏ దావాకు తప్పు తెలిసిన రోజు నుంచి రెండేళ్లు. హెచ్‌ఆర్ ఎవరైనా దేశం గురించో యాస గురించో మాట్లాడి ఉంటే మాత్రం ఈఈఓసీకి కూడా పెట్టండి, న్యూయార్క్‌లో గడువు 300 రోజులు.

జవాబు 3: సముద్రానికి ఇవతల

వీసా సంగతి ఎవరూ ఎత్తలేదు. పిల్లలు నిజంగా నష్టపోయేది అక్కడే.

ఉద్యోగ అప్లికేషన్‌లో ‘లేదు’ అన్నది సరైనదే. కానీ వీసాకు డీఎస్-160, గ్రీన్ కార్డుకు ఐ-485 ఫారాల్లో ‘ఎప్పుడైనా అరెస్టయ్యారా’ అని ఉంటుంది. అక్కడ ‘అవును’ అనే రాయాలి, సీల్ అయినా సరే. స్టాంపింగ్‌లో వేలిముద్రలు పడగానే అరెస్టు కనిపిస్తుంది. దాచితే ఆ అబద్ధమే అసలు కేసు కన్నా పెద్ద గండం. సర్టిఫైడ్ కాపీలు ఎక్కువ తీసుకోమన్నది ఇందుకూ పనికొస్తుంది.

అన్ని ‘డిస్మిస్’లూ ఒకటి కాదు. నేరం ఒప్పుకుని, దానికి ఏదో ఒక శిక్షో షరతో పడితే, తర్వాత రాష్ట్ర కోర్టు కొట్టేసినా ఇమిగ్రేషన్ చట్టం దాన్ని కన్విక్షన్‌గానే చూస్తుంది. న్యూజెర్సీ కండిషనల్ డిస్మిసల్, టెక్సస్ డిఫర్డ్ అడ్జుడికేషన్ ఆ కోవలోవి. ఏసీడీ అలా కాదు. కానీ ఇది స్థానిక డిఫెన్స్ లాయరు అన్నిసార్లూ సరిగ్గా చెప్పకపోవచ్చు, ఇమిగ్రేషన్ లాయర్ని అడిగాకే ప్లీ చేయాలి, అంటే నేరం ఒప్పుకోవడమో కాదనడమో.

కొత్త కంపెనీ హెచ్‌1బి పిటిషన్ వేసి, చెక్ పూర్తయిందని మెయిల్ వచ్చేదాకా పాత ఉద్యోగం వదలొద్దు. వదిలాక ఆఫర్ పోతే ఉండేది ఎక్కువలో ఎక్కువ 60 రోజులు.

గోదారిగట్టు

రిపోర్ట్ వచ్చిందండి. ఇంకో వింత: అందులో టెక్సస్‌లో రెండో కేసు కూడా ఉంది. వాడు ఆ రాష్ట్రంలో ఎప్పుడూ లేడు. ఇంకో మాట, కంపెనీ ఒక బ్యాంకు ప్రాజెక్టుకు తీసుకుంటోందట.

జవాబు 4: నల్లకోటు

రెండోది పేరు కలిసిన వేరే మనిషిది అయ్యుంటుంది. మన పేర్లతో ఇది మామూలే: సాయి, కుమార్, రెడ్డి, రావు వేలమందికి ఉంటాయి, పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకచోట, డ్రైవింగ్ లైసెన్సులో ఇంకోచోట ఉంటుంది. కోర్టు రికార్డుల్లో సోషల్ సెక్యూరిటీ నంబరు సాధారణంగా ఉండదు, పుట్టినతేదీ కూడా కొన్నిచోట్ల చూపరు. ఇక పేరు మీదే కలిపేస్తారు. పేరు ఒక్కటే చూసి జనాన్ని ఉగ్రవాదుల జాబితాతో కలిపినందుకే ట్రాన్స్‌యూనియన్ మీద 8,185 మంది తరఫున కేసు నడిచి 2021లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ టెక్సస్ కేసు నంబరు, కౌంటీ పేరు రాసి, పాస్‌పోర్టు మొదటి పేజీ కాపీ, ఆ కాలంలో వేరేచోట ఉన్నట్టు లీజు లేదా పేస్టబ్బు (జీతం చీటీ) జతచేసి విడిగా డిస్ప్యూట్ వేయండి. రెండు తప్పులూ ఒకే పేరాలో కలిపితే ఒకటి సరిచేసి చేతులు దులుపుకుంటారు.

బ్యాంకు విషయంలో నియమం వేరు. మోసం, దొంగతనం కోవ నేరాలకు ఫెడరల్ డిపాజిట్ ఇన్సూరెన్స్ చట్టం 19వ సెక్షన్ అడ్డొస్తుంది, డైవర్షన్‌లో (శిక్షకు బదులు కోర్టు పెట్టే కార్యక్రమం) చేరడాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటుంది. అయితే 2022 డిసెంబర్ సవరణతో షాప్‌లిఫ్టింగ్ లాంటి చిన్నవాటికి ఏడాది దాటితే అడ్డు లేదు. ఇతనికి ఎప్పుడో దాటింది. బ్యాంకు పేరు చెప్పి హెచ్‌ఆర్ తప్పించుకోబోతే ఈ సవరణ ప్రస్తావించండి.

బ్యాంకులు వేలిముద్రలు తీసుకుంటాయి కాబట్టి, ఎఫ్‌బీఐ దగ్గర తన రికార్డు ముందే తెప్పించుకోమనండి, ఫీజు 18 డాలర్లు. అరెస్టు మాత్రమే ఉండి కేసు కొట్టేసిన సంగతి ఎక్కకపోతే, అదే కోర్టు సర్టిఫికెట్ పంపి సరిచేయించాలి.

జవాబు 5: చౌరస్తా

డాలస్‌వాళ్లు ఇది చదివి ఇవన్నీ అక్కడా ఉంటాయనుకోవద్దు. టెక్సస్‌లో ప్రైవేట్ కంపెనీలకు ఇలాంటి రాష్ట్రవ్యాప్త చట్టం లేదు, ఎఫ్‌సీఆర్‌ఏ మీదే ఆధారపడాలి. కాలిఫోర్నియాలో ఉంది: 2018 జనవరి 1 నుంచి, ఐదుగురు ఉద్యోగులు ఉన్నా వర్తిస్తుంది, అక్కడా 5 పనిదినాలు. న్యూజెర్సీలో అప్లికేషన్ దశలో అడగకూడదన్నంత వరకే, తర్వాత అడగొచ్చు. పని చేసే చోటు ఏదో చూడండి, ఇల్లు ఉన్న చోటు కాదు.