గ్రాఫిక్స్ కార్డు జీటీఎక్స్ 1060 తీసేసి 3060 వెయ్యాలా, 4060 వెయ్యాలా? 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కి కరెంటిచ్చే డబ్బా) తట్టుకుంటుందా?

పాతపెట్టె:
అందరికీ నమస్తే. నా బాక్సు: ఐ5-8400, బి360 బోర్డు, 8 జీబీ ర్యామ్ (ఒకటే స్టిక్), జీటీఎక్స్ 1060 6 జీబీ, 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్. మానిటర్ 1080పీ 144 హెర్ట్జ్, డీవీఐ కేబుల్ మీద నడుస్తోంది. కొత్త గేముల్లో అన్నీ లోలో పెట్టినా 40 ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఫ్రేములు) దగ్గరే ఉంటోంది, పైగా మలుపు తిరిగినప్పుడల్లా ఒక్క క్షణం బిగుసుకుపోతోంది. బడ్జెట్ 25 వేలు. శనివారం చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్ వెళ్తున్నా. సెకండ్‌హ్యాండ్ 3060 12 జీబీ తీసుకోనా, 4060నా? కొత్త కార్డులు 8 పిన్ కరెంటు కేబుల్ అడుగుతున్నాయి, నా ఎస్‌ఎంపీఎస్‌కి 6 పిన్‌ది ఒకటే ఉంది. "కన్వర్టర్ వేస్తే అయిపోద్ది" అంటున్నారు షాపులో. నమ్మొచ్చా?

ఆంపియర్:
కన్వర్టర్ సంగతి ముందు తేల్చుకోండి. బోర్డు మీది స్లాట్ నుంచి కార్డుకి వచ్చేది 75 వాట్లు, 6 పిన్ నుంచి ఇంకో 75. 8 పిన్ అయితే 150. 3060 తాగేది 170. 8 పిన్‌లో అదనంగా ఉండే రెండు పిన్నులూ 12 వోల్టులు మోసేవి కావు, గ్రౌండే. "ఇక్కడ 150 ఉంది, తీసుకో" అని కార్డుకి చెప్పడానికి ఉన్నాయవి. కన్వర్టర్ ఆ మాట అబద్ధంగా చెబుతుంది, బరువు మాత్రం పాత తీగల మీదే పడుతుంది. 115 వాట్ల 4060కి లెక్క ప్రకారం సరిపోవచ్చు గానీ పాత ఎస్‌ఎంపీఎస్ మీద నేనైతే చెయ్యను. సాటా (హార్డ్‌డిస్క్ కరెంటు కేబుల్) నుంచి తీసే కన్వర్టర్ ఇంకా ఘోరం: 12 వోల్టులకి మూడే పిన్నులు, పిన్నుకి 1.5 ఆంపియర్, మొత్తం 54 వాట్లు. ప్లాస్టిక్ కరిగేది అక్కడే.

450 అన్న అంకె వదిలేసి, స్టిక్కర్ మీద 12 వోల్టుల గడి చదవండి. ప్రాసెసర్ 80, కార్డు 170, మిగతావన్నీ ఓ 50. ఈ 300లో దాదాపు అంతా ఆ గడిలోంచే రావాలి, మధ్యమధ్యలో కార్డు ఎగిరే గెంతులు వేరే. 8 పిన్ కేబుల్ సొంతంగా ఉన్న 550 వాట్ల 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు వృథా తక్కువని చెప్పే ముద్ర) ఎస్‌ఎంపీఎస్ తీసుకోండి. ఎన్‌విడియా ఈ రెండు కార్డులకీ చెప్పేది 550 వాట్లే. ఇంట్లో 600 వీఏ యూపీఎస్ ఉంటే అది మామూలుగా 360 వాట్లదే. మానిటర్ కూడా దాని మీదే ఉంటే, గేమ్ మధ్యలో కరెంటు పోగానే కీచుమని అరిచి అదీ పోతుంది.

స్క్రూడ్రైవర్:
బి360 అంటే కార్డు గుచ్చే స్లాట్ పీసీఐఈ 3.0. 4060 వాడుకునేది 8 లేన్లే (డేటా దారులు), అంటే మీ బోర్డులో సెకనుకి 8 జీబీ లోపే. వీర్యామ్ (కార్డు మీది మెమరీ) నిండనంతవరకు పెద్ద తేడా తెలీదు. నిండిందా, మిగతాదంతా ఆ ఇరుకు సందులోంచే రావాలి, గేమ్ నత్తనడక. 3060కి 16 లేన్లు, 12 జీబీ. పాత బోర్డుకి నా ఓటు దానికే. 4060కి ఫ్రేమ్ జనరేషన్ (మధ్యలో అదనపు ఫ్రేములు కార్డే పుట్టించడం) ఉంది, వేడి తక్కువ. మే నెల చెన్నైలో రెండోది చిన్న విషయం కాదు, గది పది డిగ్రీలు వేడెక్కితే కార్డూ దాదాపు అంతే ఎక్కుతుంది.

ఇంకో మెలిక: 3060లో 8 జీబీది కూడా ఉంది. దాని బస్సు (మెమరీకి దారి) 128 బిట్, 12 జీబీది 192. పేరు ఒకటే, పని ఒకటి కాదు. ఇంటెల్ కార్డు ఆర్క్ బి580 చవగ్గా కనిపించినా మీకొద్దు. రీసైజబుల్ బార్ (ప్రాసెసర్‌కి వీర్యామ్ మొత్తం ఒకేసారి అందనిచ్చేది) లేకపోతే అది కుంటుతుంది, ఇంటెల్ అడిగేది 10వ తరం ప్రాసెసర్ నుంచి.

అసలు కొనే ముందు ఒక పరీక్ష చెయ్యండి. ఆఫ్టర్‌బర్నర్ ఓవర్‌లే (అంకెలు తెర మీద చూపే ప్రోగ్రామ్) పెట్టి, గేమ్‌లో ఒకేచోట నిలబడి, 1080పీ నుంచి 720పీకి దించండి. ఫ్రేములు బాగా పెరిగితే ఆపుతున్నది కార్డే. పెరక్కపోతే తప్పు ఇంకెక్కడో ఉంది.

పాతపెట్టె:
చేశా అన్నా. 1080పీలో 41, 720పీలో 44. జీపీయూ (కార్డు) వాడకం 62 శాతం. ర్యామ్ 7.6 జీబీ, డిస్క్ 100 శాతం కొడుతూనే ఉంది. స్టిక్కర్ మీద 12వీ1 14 ఆంపియర్, 12వీ2 15 ఆంపియర్, కింద చీమ తలకాయంత అక్షరాల్లో రెండూ కలిపి 300 వాట్లు.

స్క్రూడ్రైవర్:
దొంగ దొరికాడు. ర్యామ్ చాలక డిస్క్ మీద పడి ఈదుతోంది, పైగా స్టిక్ ఒకటే కాబట్టి సింగిల్ ఛానెల్, అంటే డేటాకి ఒకటే దారి. ఇలా ఉండగా 3060 వేసినా 41 కాస్తా 45 అవుతుందేమో. ఇంకో 8 జీబీ డీడీఆర్4 వెయ్యండి. 3200 వేగానిది వేసినా మీ ప్రాసెసర్ దాన్ని 2666కే దించుతుంది, దానికోసం ఎక్కువ పెట్టొద్దు. నాలుగు స్లాట్ల బోర్డయితే ప్రాసెసర్ వైపు నుంచి 2, 4లో పెట్టండి. ఆ తర్వాత అదే పరీక్ష మళ్లీ. జీపీయూ 95 దాటితే అప్పుడు కార్డు. అప్పటికీ 70 దగ్గరే ఆగితే, అదే సాకెట్‌లో సెకండ్‌హ్యాండ్ ఐ7-8700 చూడండి, 6 కోర్లకి 12 థ్రెడ్లు వస్తాయి.

ఫ్యాన్‌గోల:
కార్డు కొనే రోజు వచ్చినప్పుడు ఇవి గుర్తుంచుకోండి. షాపులోనే జీపీయూ-జడ్ (కార్డు వివరాలు చూపే ప్రోగ్రామ్) తెరిపించండి. 12 జీబీ, 192 బిట్, 3584 షేడర్లు (కార్డులోని చిన్న కోర్లు) కనిపించాలి. బయాస్ మార్చిన నకిలీలని అది చాలావరకు పట్టేస్తుంది. కార్డుకి పూర్తి బరువు పెట్టే ఫర్‌మార్క్ పది నిమిషాలు నడిపించండి. హాట్‌స్పాట్‌కీ (చిప్‌లో అన్నిటికన్నా వేడి చోటు) మామూలు ఉష్ణోగ్రతకీ మధ్య 20 డిగ్రీలు మించి తేడా ఉంటే లోపల పేస్ట్ ఎండిపోయినట్టే, ధర తగ్గించమని అడగండి. ఫ్యాన్‌ని వేలితో తిప్పి చూడండి, గరగరమంటే వదిలెయ్యండి. బయల్దేరే ముందు క్యాబినెట్‌లో స్లాట్ నుంచి ముందరి హార్డ్‌డిస్క్ గూడు దాకా టేపు పెట్టి కొలుచుకోండి, కార్డు పట్టాలి కదా.

బిగించేటప్పుడు: స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి. క్యాబినెట్ పడుకోబెట్టండి. వెనక స్క్రూలు తీశాక పాత కార్డు రాదు, స్లాట్ చివర చిన్న కొక్కెం ఉంటుంది, కార్డు కింద నక్కి. వేలు దూరదు, స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే జారి బోర్డు మీద గీత పడుతుంది. ఐస్‌క్రీమ్ పుల్లతో నొక్కండి. కొత్తది పెట్టినప్పుడు ఆ కొక్కెం టక్కుమనాలి. రెండూ ఎన్‌విడియావే కాబట్టి డీడీయూ (పాత డ్రైవర్ తుడిచేసే ప్రోగ్రామ్) అక్కర్లేదు, డ్రైవర్ వేసేటప్పుడు క్లీన్ ఇన్‌స్టాల్ టిక్ చాలు. తెర నల్లగానే ఉంటే ముందు మానిటర్ కేబుల్ కార్డుకి కాక బోర్డుకి గుచ్చారేమో చూసుకోండి.

ఆంపియర్:
కేబుల్ అంటే గుర్తొచ్చింది. 3060ల్లో, 4060ల్లో డీవీఐ ఉండదు. మానిటర్ వెనక డిస్‌ప్లేపోర్ట్ ఉందా? ఉంటే ఆ కేబుల్ కూడా తెచ్చుకోండి. పాత మానిటర్లలో హెచ్‌డీఎంఐ చాలావాటికి 60 దగ్గరే ఆగిపోతుంది, 144 రాదు.

పాతపెట్టె:
డీపీ ఉంది. అయితే ఈ శనివారం ర్యామ్ స్టిక్, 550 వాట్లది, డీపీ కేబుల్ వరకే. మళ్లీ 720పీ పరీక్ష చేసి అంకెలు ఇక్కడే పెడతా.