బరంపురంలో ఉన్న 1967 మస్టాంగ్‌ను అమ్మదలిచాను: మార్పించిన భాగాలకు ధర ఎలా కట్టాలి?

ప్రశ్న (బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా)

సభ్యులందరికీ నమస్కారం. విదేశీ రాయబార సిబ్బంది వదిలి వెళ్లిన కార్లను స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ వేలం వేసే రోజుల్లో మా పెదనాన్నగారు 1967 నాటి ఫోర్డ్ మస్టాంగ్ ఒకటి కలకత్తాలో కొన్నారు. రెండు తలుపుల హార్డ్‌టాప్ (కదలని రేకు కప్పు ఉన్న బాడీ), 289 క్యూబిక్ అంగుళాల వీ8 ఇంజను, మూడు గేర్లు, ఎడమవైపు స్టీరింగు. ఆయన పోయాక గోపాలపూర్ రోడ్డులోని మా షెడ్డులో ఇరవై ఏళ్లు కదలకుండా ఉన్న బండిని నేను ఆరేళ్లపాటు బాగుచేయించాను. టింకరింగు, పెయింటింగు ఇక్కడే జరిగాయి. ముందు చక్రాలకు డ్రమ్ముల బదులు డిస్కు బ్రేకులు, అయిదు గేర్ల టీ5 గేర్‌బాక్సు, ప్లగ్గులకు నిప్పురవ్వ అందించే పాత పాయింట్ల బదులు ఎలక్ట్రానిక్ ఇగ్నిషను, అల్యూమినియం రేడియేటరు అమెరికా నుంచి తెప్పించి వేయించాను. సుంకంతో కలిపి నాకు ముప్పై ఎనిమిది లక్షలు ఖర్చయింది, బిల్లులన్నీ ఒక ఫైలులో ఉన్నాయి. అమ్మాయి చదువు కోసం ఇప్పుడు బండిని అమ్మక తప్పడం లేదు. విశాఖ నుంచి వచ్చిన బ్రోకరు ఫైలు తెరవనైనా లేదు. "పాత గేర్‌బాక్సు ఎక్కడుంది?" అని మాత్రం రెండుసార్లు అడిగాడు. నేను పెట్టిన ఖర్చుకు విలువే లేదా? ప్రకటనలో "అమెరికన్ మజిల్ కారు, పూర్తిగా పునరుద్ధరించినది" అని రాయవచ్చునా?

జవాబు 1 (జయపురం, కోరాపుట్ జిల్లా)

అయ్యా, ముందుగా ఆ "మజిల్ కారు" అన్న మాట తీసేయండి. మధ్యస్థాయి బండిలో పెద్ద ఇంజను దించితే పుట్టిన జాతి అది. 389 క్యూబిక్ అంగుళాల ఇంజనుతో 1964లో వచ్చిన పాంటియాక్ జీటీఓను దానికి ఆద్యంగా చెబుతారు. మస్టాంగ్‌ది పోనీ కార్ల వర్గం, అంటే అంతకంటే చిన్న స్పోర్టీ బండ్లు. 1967లో అందులోనూ 390 ఇంజను ఇచ్చారు కానీ, మీది 289. తెలిసినవాడు మొదటి వాక్యంలోనే నవ్వుకుంటే మిగతా ప్రకటన చదవడు.

ఎడమ ముందు మడ్‌గార్డు లోపలి అంచు మీద చెక్కిన బండి నంబరు (ఫ్యాక్టరీ ఇచ్చినది, రిజిస్ట్రేషనుది కాదు) చూడండి. మొదటి అంకె 7 అయితే 1967 మోడలు, తరువాతి అక్షరం కర్మాగారం, 01 అంటే హార్డ్‌టాప్. అయిదో స్థానంలో సీ ఉంటే రెండు గొట్టాల కార్బురేటరుతో 200 హార్స్‌పవర్ ఇచ్చే 289, ఏ ఉంటే నాలుగు గొట్టాలది. కే ఉంటే అది అరుదైన, ఎక్కువ శక్తి గల 289, అప్పుడు మాత్రం నాకు ఫోను చేయండి! "ఇంజను నంబరు బండి నంబరుతో కలుస్తుంది" అని మటుకు రాయకండి. ఆ ఏడాది కే ఇంజన్ల మీద తప్ప మామూలు 289ల మీద బండి నంబరు కొట్టలేదు, అందరికీ కొట్టడం 1968 మోడలు నుంచి మొదలైంది. బ్లాకు మీద పోతపోసిన తేదీ బండి తయారైన తేదీకి కొంచెం ముందుదైతే, ఆ సంగతి ఫొటోతో సహా చెప్పండి, చాలు.

ఇక ఖర్చు సంగతి. కొనేవాడు మీ బిల్లులకు డబ్బు ఇవ్వడు, బండిని తనకు కావలసినట్టు ఉంచుకునే వీలుకు ఇస్తాడు. మీరు వేయించినవి బోల్టులతో బిగించేవి కాబట్టి, కావాలనుకుంటే విప్పి పాతవి పెట్టుకోవచ్చు. బ్రోకరు పాత గేర్‌బాక్సు అడగడం అందుకే. అది మీ దగ్గరుంటే ఒకే బండిని ఇద్దరికి చూపవచ్చు: హాయిగా నడుపుకోవాలనుకునేవాడికి అయిదు గేర్లతో, అసలు రూపం కావాలనేవాడికి మూడు గేర్లతో. పాతవి తుక్కుకు వేసి ఉంటే రెండోవాడు రాడు.

జవాబు 2 (పర్లాకిమిడి, గజపతి జిల్లా)

పై మిత్రుడు చెప్పినవన్నీ నిజమే. కానీ గోపాలపూర్ గాలి తగిలిన బండి అనగానే నా మనసు తుప్పు మీదికి పోయింది. ముందద్దం కింద, బోనెట్టుకు వెనుక, సన్నటి చీలికలతో జాలీ కనిపిస్తుంది కదా! దాని కింద రెండు రేకులను అతికించి చేసిన పెట్టె ఉంటుంది. బయటి గాలి లోపలికి రావడానికి అందులో టోపీల ఆకారంలో రెండు గొట్టాలు నిలబడి ఉంటాయి. ఆకులు, మట్టి చేరి నీరు నిలిస్తే ఆ గొట్టాల మొదళ్లనే ముందు తుప్పు తింటుంది. పైనుంచి ఎంత మంచి పెయింటు వేసినా ఇది కనబడదు. అనుభవమున్న కొనుగోలుదారు ఆ జాలీ మీద నీళ్లు పోసి, లోపల కార్పెట్టు కింద చేయి పెట్టి చూస్తాడు. అతను చూసే లోపు మీరే చూసుకోండి. బాగుచేయాలంటే పైరేకు అతుకులన్నీ డ్రిల్లుతో విడదీయాలి కనుక పని పెద్దదే. అయినా దాచి అమ్మడం కంటే చెప్పి తగ్గించి అమ్మడం మేలు.

జవాబు 3 (రాయగడ వాసి, ప్రస్తుతం హైదరాబాద్)

కాగితాల సంగతి ఎవరూ ఎత్తలేదు. నేను ఒకసారి పాత జీపును రాష్ట్రం దాటించి, సంతకాలు చేసిన ఫారాలు కొన్నవాడి చేతికే ఇచ్చి ఊరుకున్నాను. మూడేళ్ల తరువాత ఆ బండి చేసిన ప్రమాదానికి నాకు నోటీసు వచ్చింది. అందుచేత ఫారం 29 (యాజమాన్యం మారిందన్న నోటీసు), ఫారం 30 (బదిలీ దరఖాస్తు) మీరే దగ్గరుండి దాఖలు చేయించండి. కొనేవారు ఆంధ్ర, తెలంగాణల వారైతే ఫారం 28తో మీ ఊరి ఆర్‌టీఓ నుంచి నిరభ్యంతర పత్రం తీసుకున్నాకే బండి అప్పగించండి. టోకెను అడ్వాన్సు తీసుకున్నంత మాత్రాన తాళాలు ఇవ్వకండి.

2021లో వచ్చిన వింటేజ్ నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన బండికి ఇరవై వేల రుసుముతో "వీఏ" అక్షరాలున్న వింటేజ్ రిజిస్ట్రేషను నంబరు ఇస్తారు, అది పదేళ్లు చెల్లుతుంది. అయితే చాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉండాలన్నది షరతు. గేర్‌బాక్సు పేరు అందులో లేదు గానీ, బండిని చూసి తేల్చేది రాష్ట్ర కమిటీ. పాత భాగాలు చేతిలో ఉండడం ఇక్కడా మీకే లాభం. ఆ నంబరు తీసుకుంటే ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతుకు తప్ప రోజువారీ తిరగడానికి వీల్లేదని కొనేవారికి ముందే చెప్పండి.

అడిగినవారి సమాధానం

అందరికీ కృతజ్ఞతలు. నంబరు 7ఆర్01సీతో మొదలవుతోంది, కాబట్టి జయపురం అయ్యగారికి ఫోను చేసే అవసరం పడలేదు. మూడు గేర్ల పెట్టె షెడ్డులో గోనెసంచుల కింద, లివరుతో సహా దొరికింది. పాత డ్రమ్ములు ఉన్నాయి, రేడియేటరు మాత్రం మేస్త్రీ ఇత్తడి ధరకు అమ్మేశాడట. నిన్న సాయంత్రం జాలీ మీద ఒక బిందె నీళ్లు పోశాను. ఎడమవైపు పొడిగానే ఉంది. కుడివైపు అయిదు నిమిషాలకు కార్పెట్టు తడిసింది. ప్రకటన ఆపి, సోమవారం టింకరింగు మేస్త్రీని రమ్మన్నాను.