మెటల్ పైపు పెదవికి చుర్రుమంటోంది, తప్పు పైపుదా నాదా?

ప్రశ్న:
పైపుతో పొగ తాగడంలో నేను కొత్తండీ. ఖరీదైన చెక్క పైపు కొనడానికి మనసొప్పక, మొత్తం లోహంతో చేసిన చవక పైపు ఒకటి తెచ్చుకున్నాను. మూడు ముక్కలు, మర తిప్పి బిగించుకోవాలి. ముట్టించి ఐదు నిమిషాలు కాకుండానే బౌల్ (పొగాకు నింపే గిన్నె) మీద చెయ్యి ఆనడం లేదు. ఇంకాసేపటికి మౌత్‌పీస్ కూడా చుర్రుమంటుంది. నిన్న కర్చీఫ్ చుట్టి పట్టుకుంటే, పొయ్యి మీది గిన్నె దించుతున్నావా అని ఇంట్లో నవ్వారు. చివర్లో లోపల గుడగుడమంటూ, ఒకసారి చేదు నీళ్ళు నోట్లోకే వచ్చేశాయి. లోహం పైపులన్నీ ఇంతేనా?

జవాబు 1:
ఇంతే. అవతల పారేయండి.

జవాబు 2:
పారేసే ముందు ఒక మాట. నేను పన్నెండేళ్ళుగా అల్యూమినియం కాడ ఉన్న ఫాల్కన్ అనే రకం పైపే తాగుతున్నాను, పెదవి ఒక్కసారీ కాలలేదు. ఎందుకంటే దానిలో నిప్పు ఉండే బౌల్ చెక్కది, లోహం కాడ వరకే. మీ దాంట్లో నిప్పే లోహంలో ఉంది. అల్యూమినియం చెక్క కంటే కొన్ని వందల రెట్లు ఎక్కువగా వేడిని లాగుతుంది. ఇక పెదవిదాకా రాకేం చేస్తుంది?

1936 ప్రాంతంలో అమెరికాలో కెన్లీ బగ్ ఈ ఫాల్కన్‌ను, సియాటిల్‌లో ఫ్రెడరిక్ కిర్‌స్టెన్ అనే ఇంజనీరింగ్ ప్రొఫెసర్ ఇంకో రకాన్ని తయారుచేశారు. ఇద్దరూ లోహాన్ని పొగ చల్లారే దారిలోనే వాడారు.

ఇక నీళ్ళ సంగతి. పొగాకులో తడి ఉంటుంది, అది కాలినప్పుడు ఇంకాస్త ఆవిరి పుడుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి చెమట పట్టినట్టు ఆ ఆవిరి చల్లటి గోడ మీద నీరవుతుంది. చెక్క కొంత పీల్చుకుంటుంది, లోహం చుక్క కూడా పీల్చదు. ఫాల్కన్‌లో బౌల్ కింద చిన్న గుంట ఉంటుంది, ఆ నీరు అక్కడ ఆగుతుంది. తాగాక బౌల్ విప్పి టిష్యూతో తుడిస్తే నల్లగా, జిగటగా వస్తుంది. అయితే చల్లారాకే విప్పండి. నేను ఒకసారి తొందరపడి వేడి మీద తిప్పి మర చెడగొట్టుకున్నాను, ఆ బౌల్ ఇప్పటికీ వంకరగానే కూర్చుంటుంది.

మీ పైపుతోనే చూడాలనుకుంటే పొగాకును కాగితం మీద అరగంట ఆరబెట్టండి. వేళ్ళతో నొక్కి వదిలితే విచ్చుకోవాలి, ముద్దగా ఉండిపోతే ఇంకా తడి ఉన్నట్టే. సగం బౌలే నింపి నిదానంగా లాగండి. అన్నిటికంటే ముందు బౌల్ లోపల రంగు వేసి ఉందేమో చూడండి. ఉంటే మాత్రం మొదటాయన చెప్పినట్టే చేయండి. కాలిన పెయింటు పీల్చడమేంటి!

జవాబు 3:
జపాన్ వాళ్ళ కిసెరు అనే పొడవాటి పైపు కూడా లోహమే కదండీ? కానీ మామూలుగా దాంట్లో బౌల్, నోటి కొస మాత్రమే లోహం, మధ్యలో వెదురు. బౌల్‌లో పట్టేది వెంట్రుకల్లా సన్నగా తరిగిన పొగాకు చిటికెడు. నాలుగు దమ్ముల్లో అయిపోతుంది, వేడెక్కే టైమే ఉండదు.

ఇంకొకటి, పొగ చల్లగా తగిలినంత మాత్రాన హాని తగ్గదు. లోపలికి పీల్చకపోయినా పైపుతో పెదవికి, నోటికి, గొంతుకి క్యాన్సర్ రావచ్చు. మా డెంటిస్ట్ నాలుక ఎత్తి చూపించి మరీ చెప్పారు.

అడిగినవారు:
టార్చి వేసి చూశాను. లోపల నల్లరంగే. గోటితో గీకితే పొరలుగా లేచింది. ఇన్నాళ్ళూ అది పొగాకు మసి అనుకుని మురిసిపోయాను! మూడు ముక్కలూ విప్పి చెత్తబుట్టలో వేశాను. చెక్క బౌల్‌ది కొనాలా, అసలు మానేయాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు. పెదవి మీద బొబ్బ మానాక చూస్తాను.