అనాసపండు పెరుగు పచ్చడి చేదెక్కకుండా చేయడం ఎలా?

ప్రశ్న (కాకినాడ)

అందరికీ నమస్కారం. వచ్చే వారం మా ఇంట్లో సత్యనారాయణ స్వామి వ్రతం ఉంది. భోజనానికి పాతికమంది వరకు వస్తారు. వ్రతం వంటలో ఉల్లి, వెల్లుల్లి వేయము గనుక మామూలుగా చేసే ఉల్లిపాయ పెరుగు పచ్చడి కుదరదు. పులిహోర, ముద్దపప్పు, ఆవపెట్టిన అరటికాయ కూర ఉన్న విస్తట్లో కొంచెం తీపి, కొంచెం పులుపు కలిసిన పచ్చడి ఒకటి ఉంటే బాగుంటుందని పండ్లతో చేయాలనుకుంటున్నాను.

నా ఇబ్బంది అనాసపండుతోనే. పచ్చి ముక్కలను సన్నగా తరిగి, ఉప్పు, జీలకర్ర పొడి వేసి చిలికిన పెరుగులో కలిపితే ఆ క్షణంలో రుచి చక్కగా ఉంటోంది. గంట గడిచేసరికి మాత్రం నాలుక మీద చేదు తగులుతోంది. పెరుగు చిక్కదనం పోయి గిన్నె అడుగున నీరు చేరుతోంది. పెరుగు పాతదై ఉంటుందని మా అత్తగారు అన్నారు, కానీ అదే పెరుగుతో అదే పూట చేసిన దోసకాయ పచ్చడి సాయంత్రం దాకా కమ్మగానే ఉంది. హోటళ్ళ బఫేలో ఇదే అనాసపండు రాయితా మధ్యాహ్నమంతా గిన్నెలో ఉన్నా చేదెక్కడం లేదు. వాళ్ళు చేసేదేమిటి, నేను చేయనిదేమిటి?

ఇంకొక సందేహం కూడా ఉంది. అనాస కుదరకపోతే అరటిపండుతో చేద్దామంటే, అరటిపండు, పెరుగు కలపకూడదని మా బావగారు అంటున్నారు. ముక్కలు నల్లబడతాయనే భయం నాకూ ఉంది. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (పాలక్కాడ్‌లో స్థిరపడిన తెలుగు గృహిణి)

కాకినాడ సోదరికి నమస్కారం. మీ పెరుగులో లోపమేమీ లేదు. పచ్చి అనాసపండులో బ్రోమెలైన్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది మాంసకృత్తులను ముక్కలుగా విడగొడుతుంది. పెరుగు గడ్డకట్టి నిలబడేది పాలలోని కేసీన్ అనే మాంసకృత్తు వల్లనే గనుక, అనాస రసం తగిలిన కొద్దీ ఆ కట్టు సడలి నీరు విడిపోతుంది. కేసీన్ విరిగినప్పుడు పుట్టే చిన్న తునకల్లో కొన్ని చేదుగా ఉంటాయి. మీ నాలుకకు తగులుతున్నది ఆ చేదే. దోసకాయలో అటువంటిది లేదు కాబట్టి ఆ పచ్చడి చెక్కుచెదరలేదు. ఫ్రిజ్‌లో పెడితే ఈ పని నెమ్మదిస్తుందే తప్ప ఆగదు. కివీ పండుతోనూ, పచ్చి బొప్పాయితోనూ ఇదే చిక్కు వస్తుంది.

దీనికి విరుగుడు వేడి. అనాస ముక్కలను ఉడికిస్తే బ్రోమెలైన్ పనికిరాకుండా పోతుంది. హోటళ్ళలో చాలాచోట్ల వాడేది టిన్నులో వచ్చే అనాస. టిన్నుల్లో నింపేటప్పుడే దాన్ని వేడి చేస్తారు గనుక వాళ్ళకు ఈ బాధ ఉండదు. పెనం మీద పైపైన వేయించి తీసేస్తే సరిపోదు, ముక్క నడుమ దాకా వేడి ఎక్కాలి.

కేరళలో ఓణం సద్యలో అరిటాకు మీద వడ్డించే అనాస పచ్చడి మొదటినుంచీ ఉడికించి చేసేదే. ఇక్కడ నేర్చుకున్న పద్ధతి చెబుతాను. చెక్కు, కళ్ళు, నడుమ ఉన్న గట్టి భాగం తీసేసి, మిగిలిన పండును వేలి కణుపులో సగమంత ముక్కలుగా తరగండి. రెండు కప్పుల ముక్కలకు అర కప్పు నీళ్ళు, పావు చెంచా పసుపు, తగినంత ఉప్పు వేసి మూతపెట్టి పది నిమిషాలు ఉడికించాలి. బెల్లం ముందే వేస్తే ముక్క త్వరగా మెత్తబడదు కాబట్టి, ముక్క గరిటెకు నలిగే స్థితికి వచ్చాకే పెద్ద చెంచాడు బెల్లం తురుము వేయండి. మూత తీసి, అడుగున నీరు కనిపించనంత వరకు ఎగరనివ్వాలి. ఇక్కడ ఓపిక పట్టకపోతే తరువాత ఎంత గట్టి పెరుగు కలిపినా పచ్చడి జారుగానే ఉంటుంది. ముక్కల్లో మూడో వంతును గరిటె వెనుక భాగంతో మెదిపితే పచ్చడికి చిక్కదనం వస్తుంది.

ఈలోగా అర కప్పు పచ్చికొబ్బరి, రెండు పచ్చిమిరపకాయలు, పావు చెంచా జీలకర్ర కలిపి మెత్తగా నూరి, ఉడికిన అనాసలో వేసి రెండు మూడు నిమిషాలు పచ్చివాసన పోయేదాకా ఉంచి దించండి. పూర్తిగా చల్లారిన తరువాత, కచ్చాపచ్చాగా నలగ్గొట్టిన పచ్చి ఆవాలు అర చెంచా, ఉండలు లేకుండా చిలికిన గట్టి పెరుగు ఒక కప్పు కలపాలి. వేడిగా ఉన్నప్పుడు పెరుగు పోస్తే విరిగిపోతుంది. చివరగా కొబ్బరినూనెలో ఆవాలు, ఎండుమిరపకాయ, కరివేపాకు తాలింపు. గింజలేని నల్లద్రాక్షలను సగానికి కోసి పైన కలిపేవారు కూడా ఉన్నారు, వాటిని ఉడికించనక్కరలేదు.

ఆవాల సంగతి మీకు కొత్తగా చెప్పనక్కరలేదు. ఆవపెట్టిన కూరకు పొయ్యి దించాకే ఆవముద్ద కలుపుతాం కదా, ఇక్కడా అంతే. ఆవాల ఘాటు నలిగి తడి తగిలినప్పుడు పుడుతుంది, పొయ్యి మీద ఎగిరిపోతుంది. మిక్సీలో అతిగా తిప్పితే చేదు వస్తుంది. అనాస చేదు వదిలించుకుని ఆవ చేదు తెచ్చుకోవడం ఎందుకు, చిన్న రోట్లో నాలుగు దెబ్బలు వేస్తే చాలు.

జవాబు (రాజమహేంద్రవరం, శుభకార్యాలకు వంటలు చేసేవాడిని)

పైన సోదరి గారు చెప్పినది సరైన పద్ధతి. పాతికమందికి కొలతలు నేను చెబుతాను. మధ్యరకం అనాసపండ్లు రెండు, లీటరు పాలతో తోడుపెట్టిన పెరుగు, ఒక పెద్ద కొబ్బరికాయ సరిపోతాయి. విస్తట్లో ఇది గరిటెడు వడ్డించే పదార్థమే కాబట్టి అంతకుమించి చేసుకోవద్దు.

పెరుగు కోసం చిక్కటి గేదె పాలను బాగా మరగకాచి, గోరువెచ్చగా ఉన్నప్పుడు ముందురోజు రాత్రి తోడు వేయండి. ఎండాకాలమైతే తోడు తగ్గించాలి, లేకపోతే తెల్లవారేసరికి పులిసిపోతుంది. పుల్లటి పెరుగు మజ్జిగ పులుసుకు బాగుంటుంది కానీ, పండ్ల పచ్చడికి కమ్మటి పెరుగే కావాలి. పండులో పులుపు ఎలాగూ ఉంది. గడ్డ పెరుగును పలుచని గుడ్డలో మూటగట్టి ఒక అరగంట వేలాడదీస్తే నీరు కారిపోతుంది. అంతకు మించి ఉంచితే శ్రీఖండ్‌కు పనికొచ్చే ముద్ద అవుతుంది, పచ్చడి నోటికి అంటుకుంటుంది. కారిన నీటిని పారబోయకండి, చారులో పోసుకోవచ్చు, చపాతీ పిండి కలుపుకోవచ్చు.

ఒక్క విషయంలో నా అభిప్రాయం వేరు. గోదావరి జిల్లాల్లో వ్రత భోజనానికి కొబ్బరినూనె తాలింపు పెడితే పెద్దవాళ్ళలో సగంమంది ఆకు పక్కకు తోసేస్తారు. నేతితో గానీ నువ్వులనూనెతో గానీ పోపు పెట్టి, చిటికెడు ఇంగువ వేయండి. కొబ్బరి కూడా సగానికి తగ్గించవచ్చు. పులిహోర, పప్పు ఉన్న భోజనంలో పచ్చడి మరీ బరువుగా ఉండకూడదు.

వేళల సంగతి ముఖ్యం. అనాసను కొబ్బరితో ఉడికించి చల్లార్చుకోవడం ఉదయం ఎనిమిది గంటలకే ముగించి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. పెరుగు, ఆవపొడి మాత్రం వడ్డనకు పావుగంట ముందే కలపండి. ఉప్పు, బెల్లం కలిసిన పండు తన నీటిని తాను వదులుతూనే ఉంటుంది, దాన్ని ఎవరూ ఆపలేరు. ఉడికిన పండులో చేదు రాదు గానీ, నీరు ఊరడం మాత్రం కొంత ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు (కాకినాడ)

ఇద్దరికీ ధన్యవాదాలు. చేదుకు కారణం తెలిసింది, మా అత్తగారికి కూడా చదివి వినిపించాను. మా మరదలు డాలస్ నుంచి ఇదే చర్చ చదువుతోంది. అక్కడ టిన్ను అనాస, చిక్కటి గ్రీకు పెరుగు దొరుకుతాయి కదా, వాటితో ఇదే కొలతలో చేయవచ్చా అని అడగమంది. అరటిపండు గురించి కూడా ఎవరైనా చెప్పగలరా?

జవాబు (డాలస్)

మీ మరదలు గారికి ఉడికించే పని సగం తప్పుతుంది. టిన్ను కొనేటప్పుడు చక్కెర పాకంలో వేసినది కాకుండా, పండు రసంలోనే నిల్వ చేసినది తీసుకోమనండి. పాకంలో ఊరిన ముక్కలతో చేస్తే పచ్చడి పాయసం వైపు వెళ్ళిపోతుంది. ముక్కలను వడగట్టి, ఆ రసాన్ని విడిగా గిన్నెలో సగానికి మరిగించి, అప్పుడు ముక్కలు, పసుపు, ఉప్పు, కొబ్బరి ముద్ద వేస్తే రుచి బాగా పడుతుంది. బెల్లం అసలు వేయకుండా మొదలుపెట్టి, చివర రుచి చూసి కలుపుకోవడం మంచిది. ఒక మాట మాత్రం గుర్తుంచుకోవాలి. ఇక్కడ గడ్డకట్టించి సంచుల్లో అమ్మే అనాస ముక్కలు టిన్ను వంటివి కావు. మంచు బ్రోమెలైన్‌ను చంపదు, కాబట్టి వాటిని పచ్చి పండులాగే పూర్తిగా ఉడికించాలి.

గ్రీకు పెరుగు ముందే నీరు వడిచినది గనుక మూటకట్టే పని లేదు, కానీ నేరుగా కలిపితే పచ్చడి ముద్దగా ఉంటుంది. కప్పు పెరుగుకు రెండు మూడు చెంచాల పాలు పోసి చిలకండి. వెనిల్లా కలిపిన పెరుగు డబ్బా కూడా పక్కనే ఉంటుంది, చూసి తీసుకోవాలి. ఫ్రీజర్‌లో దొరికే కొబ్బరి తురుమును గోరువెచ్చటి నీళ్ళు చల్లి మెత్తబడ్డాకే నూరాలి, లేకపోతే పలుకులుగా మిగిలిపోతుంది.

జవాబు (సూరత్)

మేము మూడు తరాలుగా సూరత్‌లో ఉంటున్న తెలుగువాళ్ళం. ఇక్కడి గుజరాతీ ఇళ్ళలో అరటిపండు రాయితా మామూలు వంటకం, అందులోనూ ఆవాలే ప్రధానం. పొట్టు తీసి విడగొట్టిన ఆవపప్పు బజారులో దొరుకుతుంది; దాన్ని కొద్దిగా నలిపి, చిలికిన పెరుగులో ఉప్పు, కొంచెం చక్కెర, సన్నగా తరిగిన పచ్చిమిర్చి, కొత్తిమీరతో కలిపి కాసేపు ఉంచుతారు. ఆవ ఘాటు పెరుగుకు పట్టిన తరువాత, తినబోయే ముందు అరటిపండు ముక్కలు వేస్తారు. మొదటి ముద్దకు తీపి తగులుతుంది, వెనుకనే ముక్కుకు ఘాటెక్కుతుంది. పొయ్యి వెలిగించే పని లేకుండా అయిపోతుంది.

నల్లబడకుండా ఉండాలంటే పండును పళ్ళెంలో తరిగి పెట్టుకోకుండా, చేతిలో పట్టుకుని నేరుగా పెరుగులోకే కోయండి. కోసిన ముక్కకు గాలి తగలడం వల్లనే ఆ నలుపు వస్తుంది. పెరుగులో మునిగితే గాలీ తగలదు, పులుపు కూడా ఆ మార్పును నెమ్మదింపజేస్తుంది. మచ్చలు పడి మెత్తబడిన పండు వద్దు, మాగినా గట్టిగా ఉన్నదే కావాలి. అయినా ఇది గంటలోపు తినవలసిన పచ్చడి, పాతికమంది పంక్తి భోజనానికి నేనైతే పెట్టుకోను.

మీ బావగారు అన్నది ఊరికే పుట్టిన మాట కాదు. ఆయుర్వేదంలో చెప్పిన విరుద్ధాహారాలలో అరటిపండును పెరుగుతో, మజ్జిగతో తినడం కూడా ఉంది. మరోపక్క పెరుగన్నంలో అరటిపండో మామిడిపండో నంజుకుని తినని తెలుగు ఇల్లు అరుదు. ఆచారంలో రెండూ ఉన్నాయి. వ్రతం రోజున పెద్దవారి మనసు నొప్పించడం ఎందుకనుకుంటే, అరటి బదులు దానిమ్మ వేయండి. గింజలను చితక్కుండా ఒలిస్తే రసం బయటికి రాదు, పెరుగు ఎర్రబడదు, ఉదయం ఒలిచి పెట్టుకున్నా పాడవదు.

జవాబు (పాలక్కాడ్)

రాజమహేంద్రవరం వంటవారు చెప్పిన వేళలే పాటించండి, పోపు కూడా మీ ఇంటి అలవాటు ప్రకారమే పెట్టుకోండి. ఒక మాట చేర్చాలి. పండు మరీ పుల్లగా ఉంటే బెల్లం పెంచుతూ పోకండి, కొబ్బరి కొంచెం పెంచితే పులుపు అణుగుతుంది. కొనేటప్పుడు పైన పసుపు రంగు కన్నా అడుగు భాగం వాసన చూడండి. తియ్యటి వాసన రావాలి, కల్లు వాసన వస్తే పండు దాటిపోయిందని అర్థం. మన్యం నుంచి వచ్చే సీతంపేట అనాస మీ వైపు బజారులో కనిపిస్తే అదే తీసుకోండి.

మామిడిపండ్ల కాలంలో అయితే ఇదే పద్ధతిలో పుళిశ్శేరి చేసుకోవచ్చు. చిన్న రసాలు వంటి పీచు పండ్లను తొక్క తీసి, టెంకతో సహా పసుపు, కారం, బెల్లం వేసి ఉడికించి, కొబ్బరి ముద్ద కలిపి, చిలికిన పుల్లటి పెరుగు పోసి, సన్నని మంట మీద నురుగు కట్టగానే దించేయాలి. పెరుగు పొంగితే విరిగిపోతుంది కాబట్టి గరిటె తిప్పుతూనే ఉండాలి. తాలింపులో మెంతులు తప్పనిసరి. ఇది పచ్చడి కన్నా మన మజ్జిగ పులుసుకు దగ్గరగా ఉంటుంది, వేడి అన్నంలో కలుపుకోవలసినది.

వ్రతం రోజు అనాస పచ్చడి మిగిలితే ఫ్రిజ్‌లో మరునాటి వరకు నిలుస్తుంది. పైన తేరిన నీటిని వంపేయకుండా గరిటెతో కలిపి, రెండు చెంచాల తాజా పెరుగు చేర్చి వడ్డించండి. దానిమ్మ గింజలు మాత్రం మొత్తం గిన్నెలో కలిపేయకుండా ఆ పూటకు కావలసినన్నే పైన చల్లుకోండి.