పచ్చగువ్వ నేల వాలదన్న మాటలో నిజమెంత? లంకమల వేటగాళ్ల ఎరుక గురించి

ప్రశ్న: బద్వేలు సభ్యుడు

అందరికీ నమస్కారం. మాది కడప జిల్లాలో లంకమల అడవి అంచున ఉన్న పల్లె. ఎనభై ఏళ్లు దాటిన మా జేజినాయన పడుచుతనంలో గువ్వల వేటకు పోయేవారు. ఆ పని మానేసి నలభై ఏళ్లు కావస్తోంది. ఆయన చెప్పే సంగతులను నోటుపుస్తకంలో రాసిపెడుతున్నాను. బెళవల (గింజలేరుకొనే చిన్న గువ్వల) గురించి, బండ సందుల్లో గూళ్లు పెట్టే పావురాల గురించి కొంత చెప్పినా, ఆయన మాటలు ఎటు తిరిగినా పచ్చగువ్వ (ఆకుపచ్చ పావురం) దగ్గరికే వస్తాయి.

పచ్చగువ్వను కంటితో వెతకకూడదని, చెవితో వెతకాలని ఆయన అంటారు. జువ్విచెట్టు కింద కొరికిన పండ్లు పచ్చిగా పడి ఉంటే పైన గుంపు ఉన్నట్టే. మనిషి అలికిడి కాగానే అవి మేత ఆపి ఆకుల్లో ఆకులై కూర్చుంటాయి. చెట్టు మొదలుకు ఆనుకొని కదలకుండా నిలబడితే కొంతసేపటికి ఎండుటాకుల మీద మళ్లీ పండ్లు రాలిన చప్పుడు మొదలవుతుంది. గూటి మీద పగలు ఒక గువ్వ, రాత్రి మరొక గువ్వ కూర్చుంటాయనీ, పచ్చగువ్వ ఎన్నడూ నేల మీద వాలదనీ, వాలితే చస్తుందనీ కూడా చెప్పారు. వీటిలో ఏవి పక్షుల తీరుకు సరిపోతాయో, ఏవి కట్టుమాటలో తెలిసినవారు చెప్పగలరా?

జవాబు: ఆత్మకూరు సభ్యుడు

మీ జేజినాయన చెప్పిన మొదటి సంగతి అక్షరాలా నిజం. నల్లమలలో చెంచు పెద్దల వెంట తిరిగిన రోజుల్లో నేనూ ఇదే చూశాను. ముప్పై నలభై గువ్వలు ఒకే రావిచెట్టులో ఉన్నా ఒక్కటీ కనబడదు. అన్నీ ఒక్కసారిగా రెక్కలు టపటపలాడించుకుంటూ లేచినప్పుడే ఎన్ని ఉన్నాయో తెలుస్తుంది. తెల్లవారుజామున మాత్రం అవి దాగవు. ఆకు రాలిన ఎత్తైన చెట్టు కొసకొమ్మల మీద గుంపుగా కూర్చుని తొలి ఎండ కాచుకుంటాయి. పసుపు కాళ్లు, మెడ కింది పసిమి, భుజం మీది లేత ఊదా మచ్చ చూడాలంటే అదే సమయం. వాటి కూత కూడా బెళవ కూతలా ఉండదు, మెత్తటి ఈలలాగా సాగుతుంది.

ఇక నేల వాలదన్న మాటకు వద్దాం. పచ్చగువ్వ చెట్టు మీదనే బతికే పక్షి. మర్రి, రావి, జువ్వి, మేడి పండ్లే దాని ప్రధానమైన మేత కనుక, గింజలేరుకొనే బెళవలాగా దానికి నేల మీద పని ఉండదు. అయినా నీటికి దిగుతుంది. వాగు మీదికి వంగిన కొమ్మ వెంట మెల్లగా కిందికి జరిగి, ముక్కును నీటిలో ముంచి, తల ఎత్తకుండానే పీల్చుకొని తాగడం నేను కళ్లారా చూశాను. కోడిలాగా గుక్కగుక్కకూ తల ఎత్తకపోవడం పావురాల జాతి మొత్తానికీ ఉన్న లక్షణం. ఉత్తరాదిలో దీన్ని హరియల్ అంటారు; మహారాష్ట్రకు ఇదే రాష్ట్ర పక్షి. నేలను తాకకూడదని కాళ్లతో పుల్ల పట్టుకొని దిగుతుందనే కథ అక్కడా ఉంది. అరుదుగా కనబడేదాన్ని అసలే జరగనిదిగా చెప్పుకోవడం వల్ల పుట్టిన మాటగా నాకు తోస్తుంది. మీ జేజినాయన ఇది స్వయంగా చూశారా, ఎవరి నోటనైనా విన్నారా అని అడిగి, చూసినవి ఒక పక్క, విన్నవి మరొక పక్క రాయండి.

జవాబు: కదిరి సభ్యుడు

మా వైపు తిమ్మమ్మ మర్రిమాను ఉంది. 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కిన చెట్టు. మర్రి గింజలను పచ్చగువ్వలే ఊరూరా నాటుతాయని ఇక్కడ కొందరు నమ్ముతారు. నాకు ఆ మాట సరికాదనిపిస్తుంది. పచ్చగువ్వల కందనకాయ గట్టిది, మర్రిజాతి సన్నగింజలను చాలావరకు నూరేస్తుంది. పికిలిపిట్టలు, కోకిలలు, గబ్బిలాలు పండు తిని గింజను చెడకుండా వదులుతాయి. కందనకాయ కోసి చూసే అవకాశం దూరదర్శినితో చూసే మాలాంటివారికి ఉండదు, వేటగాడికే ఉంటుంది. అందుకని దాని లోపల ఏమి కనబడేదో మీ జేజినాయనను తప్పకుండా అడగండి.

జవాబు: కడప సభ్యురాలు

గూటి సంగతి కూడా పెద్దాయన సరిగ్గానే గమనించారు. పావురాల జాతిలో సాధారణంగా పొద్దెక్కినప్పటి నుంచి సాయంత్రం దాకా మగది, మిగిలిన వేళంతా ఆడది పొదుగుతాయి. నాలుగు పుల్లల గూడు, మామూలుగా రెండు తెల్లని గుడ్లు, గుడ్ల నుంచి పిల్లలు బయటికి వచ్చాక తల్లీతండ్రీ రెండూ గొంతుసంచిలో ఊరే పాలవంటి పదార్థాన్ని వాటికి పెట్టడం కూడా మీ పుస్తకంలో చేర్చవచ్చు.

వేటగాళ్ల మాటను తేలికగా తీసుకోవద్దనడానికి మీ లంకమలే సాక్ష్యం. 1900 తరువాత శాస్త్రజ్ఞులెవరి కంటా పడని కలివికోడి అనే అరుదైన పక్షి 1986 జనవరిలో మన జిల్లాలోనే మళ్లీ దొరికిందంటే, బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు దాన్ని ఎరిగిన స్థానిక వేటగాళ్ల సాయం తీసుకోవడం వల్లనే. అయితే ఒక మనవి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1991లో చేసిన సవరణతో లైసెన్సు మీద వేటాడే వీలు కూడా పోయింది. గువ్వల నడవడి ఎంతైనా రాయండి కాని, జిగురు కాచే పద్ధతి, ఉచ్చు పన్నే చోట్లు, అవి నీటికి దిగే చెలమల పేర్లు మాత్రం బయట పెట్టకండి.

ప్రశ్నించిన సభ్యుని మలిమాట

ముగ్గురికీ కృతజ్ఞతలు. చెలమల పేర్లు కొట్టేశాను. నిన్న రాత్రి జేజినాయన దగ్గర కూర్చుని మీరు చెప్పినట్టే అడిగాను. నేల వాలితే చస్తుందన్నది వాళ్ల నాయన చెప్పిన మాటేననీ, తాను మాత్రం ఒక ఎండాకాలం మధ్యాహ్నం చెలమ ఒడ్డున రెండు గువ్వలు తడి ఇసుక మీద నిలబడి నీళ్లు తాగడం చూశాననీ, నాయన మాటకు ఎదురు చెప్పినట్టవుతుందని ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదనీ అన్నారు. కందనకాయ గురించి అడిగితే కాసేపు ఆలోచించి, బెళవ కడుపులో గింజలూ ఇసుకరాళ్లూ తగిలేవనీ, పచ్చగువ్వ కడుపులో మటుకు నూరిన గసగసాల లాంటి ముద్దే ఉండేదనీ చెప్పారు.