నాయనకు మలంలో రక్తం, మొలలు కాదంట. ఏపీసీ (పేగులో రక్తం కారే నాళాలను కాల్చి మూసే చికిత్స) చేయించుకున్నోళ్లు ఎవరైనా ఉన్నారా?

మాది అనంతపురం పక్కన పల్లె. మా నాయనకు 71 ఏళ్లు. ఉగాది అయినప్పట్నించీ దొడ్డికి పోతే రక్తం పడుతోంది. నొప్పి లేదు, మంట లేదు. ఊళ్లో అందరూ మొలలే అంటే మూడు నెలలు పసరుమందు తాపించినాం, తప్పు మాదే. ఒకరోజు చేన్లో గెనెం మీదే కళ్లు తిరిగి కూలబడ్డాడు. హిమోగ్లోబిన్ 6.8. రెండు బాటిళ్లు రక్తం ఎక్కించినారు.

కొలనోస్కోపీలో పెద్దపేగు మొదట్లో, కుడిపక్క, సన్న రక్తనాళాలు ఉబ్బి ఎర్రగా సాలెగూడు మాదిరి కనిపించినాయి. యాంజియోడిస్‌ప్లేషియా అని రాసినారు. క్యాన్సర్ కాదనగానే అమ్మ టెంకాయ కొట్టింది. ఏపీసీతో, అంటే ఆర్గాన్ గ్యాసు, కరెంటుతో కాల్చి మూస్తారంట, అయినా మళ్లీ కారొచ్చంట. ఆయనకు గుండెలో అయోర్టిక్ వాల్వు కూడా సన్నబడింది. రెండింటికీ సంబంధం ఉండొచ్చని డాక్టరు అన్నాడు.

ఏపీసీ చేయించుకున్నోళ్లకు మళ్లీ ఎన్నాళ్లకు రక్తం పడింది? వాల్వు మార్చినాక ఆగిందా? కర్నూల్లో చేయించొచ్చా, బెంగళూరుకే పోవాల్నా? ఇంకొకటి, ఐరన్ మాత్రలకు మలం నల్లగా వస్తోంది. అది మాత్రల నలుపో, రక్తమో ఇంట్లో మీరెట్ల కనిపెట్టినారు?